గడ్డి కోత యంత్రాల టైర్లలో పంక్చరు: కారణాలు, మరమ్మతు, నివారణ
(తిరువూరు ప్రాంత మామిడి తోటల నేపథ్యంలో)

ఉపోద్ఘాతం

ఎన్టీఆర్ జిల్లా తిరువూరు పరిసరాలలో మామిడి ప్రధానమైన పండ్లతోట పంట. తిరువూరు, విస్సన్నపేట, ఎ.కొండూరు, రెడ్డిగూడెం మండలాల మీదుగా నూజివీడు వరకు విస్తరించిన తోటలలో బంగినపల్లి, తోతాపురి, చిన్నరసం, పెద్దరసం రకాలు సాగులో ఉన్నాయి. జూన్‌లో నైరుతి రుతుపవనాలు ప్రవేశించేసరికి కాయకోత ముగింపుకు వస్తుంది. అప్పటి నుంచి చెట్ల వరుసల మధ్య గడ్డిజాతి కలుపు, తుంగ, వయ్యారిభామ వేగంగా పెరుగుతాయి. వీటిని దున్ని తొలగించడం పాత పద్ధతి. పైపొరలో ఉండే పీచువేళ్ళు దెబ్బతినకుండా, వాలు నేలల్లో మట్టి కొట్టుకుపోకుండా ఉండేందుకు, గడ్డిని నేలమట్టానికి కొద్దిగా పైన కోసి చెట్ల పాదులలో ఆచ్ఛాదనగా పరచడం మేలైన పద్ధతి.

ఈ పనికి కూలీల కొరత ఉన్నందున యంత్రాల వాడకం పెరిగింది. భుజానికి తగిలించుకునే బ్రష్ కట్టర్లు, ట్రాక్టరుకు వెనుక అమర్చే స్లాషర్లు, మినీ ట్రాక్టర్లు, మనిషి కూర్చుని నడిపే గడ్డి కోత యంత్రాలు ఈ కోవలోనివి. కూర్చుని నడిపే యంత్రాలు విద్యాసంస్థల ఆవరణలు, క్రీడా మైదానాలతో పాటు చదునైన పెద్ద తోటలలోనూ పనికివస్తాయి. బ్రష్ కట్టరు మినహా మిగిలినవన్నీ టైర్లపై నడిచేవే. వానాకాలంలో రెండు జల్లుల మధ్య దొరికే పొడి రోజులలోనే కోత సాగాలి. అటువంటి రోజున టైరు గాలి దిగిపోతే యంత్రం, దానిని నడిపే మనిషి, కోయవలసిన గడ్డి మూడూ ఆగిపోతాయి. యంత్రం అద్దెకు తెచ్చినదైతే నష్టం మరింత స్పష్టంగా కనిపిస్తుంది.

పంక్చరును రోడ్డు పక్క దుకాణంలో అతికించుకు వచ్చే చిన్న పనిగా భావించడం సాధారణం. ఈ భావన వల్ల రెండు పొరపాట్లు జరుగుతున్నాయి. మొదటిది, రంధ్రాన్ని మూసి, దానికి కారణమైన ముల్లును టైరులోనే వదిలివేయడం. రెండవది, లారీ టైర్లకు అలవాటుపడిన పద్ధతిలో చిన్న టైరుకు కొలత లేకుండా గాలి నింపడం. మొదటి పొరపాటు పంక్చరు మళ్ళీ పడటానికి, రెండవది ప్రాణాపాయానికి దారితీస్తాయి. కారణాన్ని కనుగొనడం, గాలిని కొలవడం అనే రెండు అంశాలు లేని మరమ్మతు సంపూర్ణమైనది కాదు. ఈ దృష్టితోనే పంక్చరు కారణాలు, మరమ్మతు క్రమం, నివారణ చర్యలు ఈ వ్యాసంలో వివరించబడ్డాయి.

గడ్డి కోత యంత్రంలో టైరు పాత్ర

సాధారణ వాహనంలో టైరు బరువును మోస్తుంది, కుదుపును తగ్గిస్తుంది, నేలను పట్టి ముందుకు నడుపుతుంది. గడ్డి కోత యంత్రంలో దీనికి తోడు మరొక పని ఉంది. కోత బ్లేడ్లు ఉండే పెట్టె చక్రాల ఆధారంగానే నేలకు సమాంతరంగా నిలుస్తుంది. అందువల్ల టైరులోని గాలి తగ్గితే కోత ఎత్తు మారుతుంది.

ఉదాహరణకు రెండు పక్కల చక్రాల మధ్య దూరం 80 సెం.మీ., కోత వెడల్పు 100 సెం.మీ. ఉన్న యంత్రాన్ని తీసుకుందాం. ఎడమ వైపు టైర్లలో గాలి తగ్గి ఆ వైపు యంత్రం 2 సెం.మీ. కిందికి దిగితే, కోత పెట్టె ఒక అంచు నుంచి మరొక అంచుకు 2.5 సెం.మీ. తేడాతో వాలుతుంది. ఒక వైపు గడ్డి ఎత్తుగా మిగులుతుంది. మరొక వైపు బ్లేడు మట్టిని, రాళ్ళను తాకుతుంది. బ్లేడు మొద్దుబారిందని లేదా వంగిందని భావించి దానిని మార్చిన తరువాత కూడా కోత సరిగా రాకపోతే, లోపం టైరులో ఉన్నదేమో చూడాలి. కోత సమతలాన్ని సరిచేసే ముందు నాలుగు టైర్లలో గాలిని కొలవాలనే నియమం ఇందుకే ఏర్పడింది.

టైరు నేలపై కలిగించే ఒత్తిడి సుమారుగా దానిలోని గాలి పీడనానికి దగ్గరగా ఉంటుంది. కూర్చుని నడిపే యంత్రాలకు వెడల్పైన టైర్లను, తక్కువ పీడనాన్ని ఎంచుకోవడంలో ఉద్దేశం తడి నేల అణగకుండా చూడటమే. గాలి అవసరానికి మించితే నేల గట్టిపడుతుంది, వాలులో టైరు పట్టు తగ్గుతుంది. అవసరానికి తగ్గితే పక్కగోడలు నలిగి, టైరు అంచు రిమ్ము నుంచి జారుతుంది.

తిరువూరు ప్రాంతంలో పంక్చరుకు ప్రధాన కారణాలు

1. ముళ్ళు: కంచెలుగా, బీడు భూములలో, కాలువ గట్లపై పెరిగే సర్కారు తుమ్మ, నల్ల తుమ్మ, రేగు ముళ్ళు ముఖ్యమైనవి. కంచె కొట్టిన తరువాత కొమ్మలను తోట దారి పక్కనే పడవేసినప్పుడు గాలికి, వాననీటికి ముళ్ళు దారిలోకి చేరతాయి. ఎండిన తుమ్మ ముల్లు పలుచని టైరును సులభంగా చీల్చుకుని లోపలికి దిగి, పైభాగం విరిగి, మొన మాత్రం రబ్బరులో మిగిలిపోతుంది. బయటి నుంచి చూస్తే ఏమీ కనిపించదు. పల్లేరు కాయ ముల్లు పొట్టిదైనా, పలుచని రబ్బరు గల చిన్న చక్రాలకు అది కూడా చాలు.

2. మోళ్ళు: ఈ ప్రాంతంలో పత్తి, మిరప, కంది విస్తృతంగా సాగవుతాయి. లేత మామిడి తోటలలో కంది వంటివి అంతరపంటగా ఉంటాయి. కొడవలితో ఏటవాలుగా కోసిన కంది మోడు, పత్తి మోడు ఎండిన తరువాత మేకు వలె గట్టిపడతాయి. గమనించవలసిన మరొక అంశం, గడ్డి కోత యంత్రమే కొన్ని మోళ్ళను తయారుచేస్తుంది. తోటలో మొలిచిన తుమ్మ మొక్కలను స్లాషరుతో కోసినప్పుడు నేలపై మిగిలే కాండం ముక్క తరువాతి కోత నాటికి ఎండి, టైరుకు ఎదురుగా నిలుస్తుంది. కోత బ్లేడు వేసిన మోడుపై అదే యంత్రం టైరు ఎక్కుతుంది.

3. ఇనుప వస్తువులు: కాయలు సర్దే చెక్క పెట్టెల మేకులు, కంచె ముళ్ళతీగ ముక్కలు, పందిళ్ళకు వాడిన కట్టుతీగ, డ్రిప్పు గొట్టాలను నేలకు పట్టించే కమ్మీలు ఈ కోవకు చెందుతాయి. కాయకోత ముగిసిన వెంటనే గడ్డి కోత మొదలవుతుంది. అందువల్ల కాయలు సర్దిన షెడ్డు చుట్టుపక్కల మేకుల బెడద ఎక్కువ.

4. తక్కువ గాలి: గాలి తగ్గిన టైరుపై బరువు పడినప్పుడు ట్యూబు రిమ్ముకు, టైరుకు మధ్య నలిగి పక్కపక్కనే రెండు చీలికలు ఏర్పడతాయి. ఇటువంటి జంట చీలికలు కనిపిస్తే ముల్లు కోసం వెతకనక్కరలేదు. గాలి కొలవకపోవడమే అక్కడ కారణం.

5. వాల్వు, రిమ్ము లోపాలు: వాల్వు లోపలి పిన్ను వదులు కావడం, వాల్వు మూత లేక మట్టి చేరడం, వాల్వు కాడ మొదట్లో రబ్బరు పగలడం వల్ల గాలి నెమ్మదిగా దిగుతుంది. ట్యూబు లేని టైర్లలో రిమ్ము అంచుకు తుప్పు పట్టినా ఇదే జరుగుతుంది. ఎరువులు నిల్వచేసిన గదిలోనే యంత్రాన్ని ఉంచినప్పుడు తుప్పు త్వరపడుతుంది.

6. ఎండ: వేసవిలో నెలల తరబడి ఎండలో, గాలి దిగిన స్థితిలో ఒకే చోట నిలిపిన టైర్ల పక్కగోడలు పగుళ్ళు వారతాయి. తొలకరి నాటి పంక్చర్లలో కొన్నింటికి మూలం వేసవి నిల్వలోనే ఉంటుంది.

టైరు రకాన్ని గుర్తించడం

మరమ్మతుకు ముందు టైరులో ట్యూబు ఉన్నదా లేదా అన్నది తెలుసుకోవాలి. ట్రాక్టరు, మినీ ట్రాక్టరు టైర్లు అధికంగా ట్యూబుతోనే వస్తాయి. కూర్చుని నడిపే గడ్డి కోత యంత్రాలకు ట్యూబు లేని టైర్లు ఎక్కువ. ట్యూబు లేని టైరులో వాల్వు రిమ్ము రంధ్రానికి రబ్బరుతో గట్టిగా అతుక్కుని కదలకుండా ఉంటుంది. ట్యూబు ఉన్న దానిలో గాలి తీసివేసిన తరువాత వాల్వును లోపలికి నెట్టవచ్చు.

టైరు పక్కగోడపై ఉన్న అంకెలు చదవడం విద్యార్థులకు అలవాటు కావాలి. 18×9.50–8 అని ఉంటే బయటి వ్యాసం 18 అంగుళాలు, వెడల్పు 9.5 అంగుళాలు, రిమ్ము వ్యాసం 8 అంగుళాలు అని అర్థం. ట్రాక్టరు వెనుక టైరుపై 13.6–28 అని ఉంటే వెడల్పు 13.6 అంగుళాలు, రిమ్ము వ్యాసం 28 అంగుళాలు. గరిష్ఠంగా ఎంత గాలి నింపవచ్చో కూడా పక్కగోడపైనే ముద్రించి ఉంటుంది.

పని ప్రారంభించే ముందు భద్రత

యంత్రాన్ని చదునైన గట్టి నేలపైకి తేవాలి. గాలి పూర్తిగా దిగిన టైరుతో దూరం నడిపితే పక్కగోడ లోపలి పొరలు తెగి, టైరు మరమ్మతుకు పనికిరాకుండా పోతుంది. కోత బ్లేడ్లకు శక్తిని ఆపివేసి, ఇంజను ఆపి, తాళం తీసి జేబులో ఉంచుకోవాలి. పెట్రోలు ఇంజను అయితే స్పార్కు ప్లగ్గు తీగను విడదీయాలి. ట్రాక్టరు స్లాషరును నేలపైకి దించాలి. బ్రేకు బిగించి, మిగిలిన చక్రాలకు ముందూ వెనుకా రాళ్ళు కాక చెక్క దిమ్మెలు పెట్టాలి.

చక్రం నేలపై ఉండగానే నట్లను పావు చుట్టు వదులు చేయాలి. యంత్రాన్ని పైకి లేపిన తరువాత బలంగా తిప్పితే అది జాకీ నుంచి జారవచ్చు. వాన తడిసిన నేలలో జాకీ కింద మందపాటి పలక ఉంచాలి. జాకీని చట్రానికి లేదా ఇరుసుకు ఆనించాలే తప్ప కోత పెట్టెకు ఆనించరాదు. కేవలం జాకీపై నిలిచిన యంత్రం కిందికి చేయి గానీ తల గానీ పెట్టకూడదు. స్టాండును లేదా బలమైన చెక్క దిమ్మెలను ఇరుసు కింద చేర్చాలి.

చిన్న యంత్రాలలో చక్రం తీసే పద్ధతి ట్రాక్టరుకు భిన్నం. చాలా నమూనాలలో చక్రాన్ని నట్లు కాక, ఇరుసు చివర ఉండే సర్‌క్లిప్పు, వాషర్లు పట్టి ఉంచుతాయి. వెనుక చక్రానికి ఇరుసు గాడిలో చిన్న ఇనుప కీ కూడా ఉంటుంది. అది జారి గడ్డిలో పడితే చక్రం బిగించినా ఇరుసుతో పాటు తిరగదు. ఈ భాగాలను తీసిన వరుసలోనే ఒక గుడ్డపై పేర్చుకోవడం మంచిది.

లీకును, దాని కారణాన్ని గుర్తించడం

ముందుగా వాల్వును పరీక్షించాలి. మూత తీసి, సబ్బునీరు ఒక చుక్క వేస్తే, బుడగలు వచ్చినప్పుడు పిన్ను లోపం బయటపడుతుంది. పిన్ను బిగించడం లేదా మార్చడంతో పని పూర్తికావచ్చు. తరువాత టైరు నేలను తాకే భాగం, పక్కగోడలు, రిమ్ము అంచు అనే వరుసలో సబ్బునీరు పూసి చూడాలి.

ట్యూబు ఉన్న టైరును విప్పే ముందు, వాల్వు ఉన్న చోటుకు ఎదురుగా టైరుపై సుద్దముక్కతో గుర్తు పెట్టాలి. ట్యూబు ఏ పక్క పైకి ఉన్నదో కూడా గుర్తుంచుకోవాలి. ట్యూబులో రంధ్రం దొరికిన తరువాత, దానిని ఈ గుర్తు ఆధారంగా టైరుపై పెట్టి చూస్తే, టైరులో ముల్లు ఎక్కడ ఉన్నదో సుమారుగా తెలుస్తుంది. ఆ భాగాన్ని వెలుతురులో పరిశీలించి, లోపలి వైపు గుడ్డతో నెమ్మదిగా తుడవాలి. మొన ఉంటే గుడ్డ పీచు తగులుకుంటుంది. ఒట్టి వేళ్ళతో తడమకూడదు. ముల్లును లోపలికి నెట్టకుండా పటకారుతో వచ్చిన దారినే బయటికి లాగాలి. మరమ్మతు చేసిన మరునాడే మళ్ళీ పంక్చరు పడటానికి సాధారణ కారణం ఈ ఒక్క దశను వదిలివేయడం.

ట్యూబు మరమ్మతు క్రమం

1. వాల్వు పిన్నును పూర్తిగా తీసి, గాలి మొత్తం పోయిన తరువాతే టైరు అంచును రిమ్ము నుంచి విడదీయాలి. ఉక్కు తీగల కట్టతో తయారైన ఈ అంచును బీడు అంటారు. బీడుకు సబ్బునీరు పూసి, నునుపైన మొన గల టైరు లివర్లతో కొద్దికొద్దిగా ఎత్తాలి. గడ్డపారతో, గొడ్డలి వెనుక భాగంతో కొడితే బీడు తీగలు తెగుతాయి. పెట్రోలు, గ్రీజు, పాత ఇంజను ఆయిలు పూయకూడదు. ఇవి రబ్బరును మెత్తబరుస్తాయి.

2. ట్యూబును బయటికి తీసి, కొద్దిగా గాలి నింపి, నీటి తొట్టిలో ముంచి చుట్టూ చూడాలి. ఒక రంధ్రం దొరికినంత మాత్రాన ఆపకుండా మొత్తం ట్యూబును పరీక్షించాలి.

3. రంధ్రం చుట్టూ ప్యాచికంటే కొంచెం ఎక్కువ మేర ఉప్పుకాగితంతో గరుకు చేసి, పొడిని తుడవాలి. తేమ గానీ జిడ్డు గానీ ఉంటే ప్యాచి నిలవదు.

4. సొల్యూషనును పలుచగా, సమంగా పూసి, తడి మెరుపు పోయి జిగురుగా మారే వరకు ఆగాలి. తడిగా ఉండగానే ప్యాచి వేయడం తరచుగా జరిగే తప్పు.

5. ప్యాచి రంధ్రానికి అన్ని వైపులా కనీసం 2 సెం.మీ. విస్తరించాలి. మధ్య నుంచి అంచులకు గట్టిగా ఒత్తాలి. కోణాలు ఉన్న ముక్క కంటే గుండ్రటి ప్యాచి అంచులు లేవకుండా ఉంటాయి.

6. మళ్ళీ నీటిలో ముంచి పరీక్షించి, పూర్తిగా ఆరిన తరువాత టాల్కు పొడి చల్లి టైరులో అమర్చాలి. కొద్దిగా గాలి నింపిన ట్యూబు మడత పడదు, లివరుకు, రిమ్ముకు మధ్య నలగదు.

వేడితో అతికించే పద్ధతిలో ముడి రబ్బరు ముక్కను ట్యూబుపై బిగించి వేడిచేస్తారు. గంధకంతో కలిసిన రబ్బరు వేడికి గట్టిపడి, సాగే గుణాన్ని నిలుపుకుంటుందని ఛార్లెస్ గుడ్‌ఇయర్ 1839లో గుర్తించాడు. పల్లెలోని పంక్చరు దుకాణంలో వేడి ప్యాచి వేసే బిగింపు ఇదే సూత్రంపై పనిచేస్తుంది. ఈ ప్యాచి ట్యూబుతో ఏకమవుతుంది కాబట్టి, బరువైన ట్రాక్టరు ట్యూబులకు ఇది మేలు. సొల్యూషను ఆవిరి మండే స్వభావం కలది. దాని డబ్బా వేడి బిగింపుకు దూరంగా ఉండాలి. వాల్వు మొదట్లో చిరిగిన ట్యూబును, మూడు నాలుగు ప్యాచీలు ఒకేచోట ఉన్న ట్యూబును మార్చడమే ఉత్తమం.

బరువు కోసం నీరు నింపిన ట్రాక్టరు వెనుక టైరులో వంద లీటర్లకు పైగా నీరు ఉండవచ్చు. వాల్వును పై భాగానికి తిప్పి ముందు గాలిని వదిలి, తరువాత కిందికి తిప్పి నీటిని తీసివేయాలి. నీరు ఉన్న చక్రాన్ని ఒక్కరే దింపే ప్రయత్నం చేయరాదు.

ట్యూబు లేని టైరు మరమ్మతు

నేలను తాకే భాగంలో సుమారు 6 మి.మీ. లోపు రంధ్రాన్ని చక్రం విప్పకుండానే పూడ్చవచ్చు. ముల్లును లేదా మేకును తీసి, అది దిగిన కోణంలోనే ఆకురాయి వంటి పరికరంతో రంధ్రాన్ని గరుకు చేసి, జిగురు పూసిన రబ్బరు పురిని సూదితో లోపలికి నెట్టాలి. పైన మిగిలిన భాగాన్ని టైరుకు కొద్ది మిల్లీమీటర్ల ఎత్తున కత్తిరించాలి. పక్కగోడలోని రంధ్రానికి ఈ పురి పనికిరాదు. పక్కగోడ ప్రతి చుట్టులోనూ వంగుతుంది కాబట్టి పురి నిలవదు. చిన్న యంత్రాలు నెమ్మదిగా నడిచేవి కాబట్టి, అటువంటి టైరులో సరైన కొలత గల ట్యూబును వేసి కొంతకాలం వాడుకోవచ్చు. లోపలి పొరల దారాలు తెగినట్లు కనిపిస్తే టైరును తొలగించాలి.

వాల్వు ద్వారా పోసే ద్రవ పూడికలు చిన్న ముళ్ళ రంధ్రాలను ఎప్పటికప్పుడు మూస్తాయి. ముళ్ళు ఎక్కువగా ఉన్న తోటలకు ఇవి ఉపయోగకరం. అయితే ఇవి పెద్ద చీలికను మూయవు, కొలత ప్రకారం పోయకపోతే చక్రం తిరుగుడులో సమతౌల్యం తప్పుతుంది. ద్రవం వాడిన సంగతి తరువాత మరమ్మతు చేసేవారికి ముందుగా చెప్పాలి.

గాలి నింపడం: అసలు ప్రమాదం ఇక్కడే

గాలి పూర్తిగా దిగిన ట్యూబు లేని టైరులో బీడు రిమ్ముకు దూరంగా ఉండి, ఎంత గాలి కొట్టినా బయటికే పోతుంది. బీడుకు సబ్బునీరు పూసి, టైరు చుట్టుకొలత మధ్యలో బలమైన తాడు కట్టి, కర్రతో మెలిపెట్టి బిగిస్తే టైరు మధ్యభాగం నొక్కుకుని బీడులు పక్కలకు జరిగి రిమ్మును తాకుతాయి. గాలి నిలబడటం మొదలైన వెంటనే తాడును వదులు చేయాలి. టైరులో పెట్రోలు వంటివి చల్లి నిప్పు పెట్టి బీడును నిలిపే ప్రయత్నం ఎట్టి పరిస్థితిలోనూ చేయకూడదు. అది టైరులో పేలుడు జరపడమే.

చిన్న టైరు కాబట్టి ప్రమాదం చిన్నదనే భావన సరికాదు. 18 అంగుళాల బయటి వ్యాసం, 8 అంగుళాల రిమ్ము గల టైరు పక్కగోడ వైశాల్యం సుమారు 204 చదరపు అంగుళాలు. 30 పి.ఎస్.ఐ. అంటే ప్రతి చదరపు అంగుళంపై 30 పౌండ్ల బలం. మొత్తం 6,100 పౌండ్లకు పైగా, అంటే దాదాపు 2,800 కిలోల బలం ఆ పక్కగోడను బయటికి నెడుతుంది. బీడు తెగినా, తుప్పు పట్టిన రిమ్ము విరిగినా ఈ బలం ఎదురుగా ఉన్న మనిషిపై పడుతుంది.

కాబట్టి ఈ నియమాలు తప్పనిసరి. పొడవైన గొట్టం, వాల్వుకు దానంతట అదే పట్టి ఉండే బిగింపు వాడాలి. టైరుకు ఎదురుగా కాక, నేలను తాకే భాగం వైపు దూరంగా నిలబడాలి. కొద్దికొద్దిగా నింపుతూ మధ్యమధ్య ఆపి కొలవాలి. పక్కగోడపై ముద్రించిన పరిమితికి చేరినా బీడు కూర్చోకపోతే మరింత గాలి కొట్టకూడదు. గాలి మొత్తం తీసి, సబ్బునీరు పూసి, మళ్ళీ మొదటి నుంచి ప్రయత్నించాలి. గాలి ఉన్న టైరును సుత్తితో కొట్టరాదు. టైరు బిగించి ఉన్న రిమ్ముకు వెల్డింగు చేయరాదు. విడి ఇనుప రింగు గల ట్రెయిలరు చక్రాలను ఇనుప పంజరం ఉన్న చోట, అనుభవజ్ఞులతోనే బిగించాలి.

గాలి కొలత

కూర్చుని నడిపే యంత్రాల టైర్లకు సాధారణంగా 10 నుంచి 15 పి.ఎస్.ఐ. మధ్య గాలి సరిపోతుంది. ఖచ్చితమైన అంకెను యంత్రం చేతిపుస్తకం నుంచి తీసుకోవాలి. తిరువూరు మీదుగా విజయవాడ, భద్రాచలం వైపులకు సాగే 30వ నంబరు జాతీయ రహదారి వంటి దారుల వెంబడి ఉండే దుకాణాలలో పని ప్రధానంగా లారీలు, బస్సుల టైర్లతో. అటువంటి పనికి వాడే గేజీ వంద పి.ఎస్.ఐ.కి మించి చూపుతుంది. 12కు, 17కు మధ్య తేడా దానిపై స్పష్టంగా తెలియదు. తక్కువ పీడనం కొలిచే, 30 పి.ఎస్.ఐ. వరకు మాత్రమే చూపే గేజీ ఒకటి ప్రతి యంత్రం పెట్టెలో ఉండాలి.

కొలత ఉదయం, యంత్రం నడపక ముందే తీసుకోవాలి. వేడికి గాలి పీడనం పెరుగుతుంది. 27 డిగ్రీల సెల్సియస్ వద్ద 12 పి.ఎస్.ఐ. ఉన్న టైరు, లోపలి గాలి 47 డిగ్రీలకు చేరినప్పుడు దాదాపు 14 చూపుతుంది. వేసవి మధ్యాహ్నం 12 వద్ద సరిచేసిన టైరు మరునాటి ఉదయానికి సుమారు 10కి దిగడం పంక్చరు కాదు. లీకు ఉందని భ్రమపడి టైరు విప్పే ముందు ఈ లెక్కను గుర్తుంచుకోవాలి.

మరమ్మతు తరువాత చక్రం నట్లను ఎదురెదురు వరుసలో బిగించి, యంత్రాన్ని నేలపైకి దించి మరోసారి బిగించాలి. కొన్ని గంటల పని తరువాత మళ్ళీ పరీక్షించాలి. చివరగా కోత పెట్టె సమతలాన్ని కొలిచి చూడాలి.

లక్షణం ఆధారంగా లోప నిర్ధారణ

- నిమిషాలలో గాలి పూర్తిగా దిగితే: మేకు, మోడు లేదా పక్కగోడ చీలిక. టైరు విప్పి లోపలి భాగం పరీక్షించాలి.
- రాత్రికి రాత్రి దిగితే: ముల్లు మొన, వాల్వు పిన్ను లేదా రిమ్ము తుప్పు. సబ్బునీటితో పరీక్షించాలి.
- ప్యాచి వేసిన ఒకటి రెండు రోజులలో అదే చోట దిగితే: టైరులో మిగిలిన ముల్లు. సుద్ద గుర్తు పద్ధతితో వెతకాలి.
- ట్యూబుపై జంట చీలికలు ఉంటే: తక్కువ గాలితో నడపడం. గాలి కొలిచే అలవాటు చేసుకోవాలి.
- లీకు లేకున్నా కోత ఒక వైపు ఎత్తుగా వస్తే: టైర్ల మధ్య గాలి తేడా. నాలుగూ సమం చేసిన తరువాతే బ్లేడును పరీక్షించాలి.

నివారణ చర్యలు

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్న సామెత ఇక్కడ పూర్తిగా వర్తిస్తుంది. మొదటి వానలకు ముందే తోట దారులను, కాయలు సర్దిన షెడ్డు పరిసరాలను శుభ్రం చేయాలి. మేకులను ఏరడానికి, కర్రకు కట్టిన పాత స్పీకరు అయస్కాంతం చాలు. కంచె కొట్టినప్పుడు తుమ్మ కొమ్మలను దారికి దూరంగా ఒకచోట కుప్పగా వేయాలి. తోటలో మొలిచిన తుమ్మ మొక్కలను స్లాషరుతో కోయడం కంటే, నేల మెత్తగా ఉన్నప్పుడు వేరుతో పెకలించడం మంచిది. అంతరపంట మోళ్ళను రోటవేటరుతో కలియదున్నిన తరువాతే చిన్న టైర్ల యంత్రాన్ని దించాలి. డ్రిప్పు కమ్మీలకు రంగు గుడ్డ కట్టి గుర్తుపెట్టాలి.

పనిలేని కాలంలో యంత్రాన్ని నీడలో ఉంచి, చక్రాలు నేలను తాకకుండా ఇరుసుల కింద దిమ్మెలు పెట్టాలి. అది కుదరకపోతే నెలకొకసారి గాలి సరిచేసి, యంత్రాన్ని కొద్దిగా ముందుకు జరపాలి. ముళ్ళ బెడద మరీ ఎక్కువగా ఉన్న చోట గాలికి బదులు గట్టి నురుగు నింపిన టైర్లను వాడవచ్చు. వాటికి పంక్చరు ఉండదు. అయితే బరువు, ఖర్చు, కుదుపు పెరుగుతాయి, తడి నేలపై ఒత్తిడి అధికమవుతుంది. అందువల్ల వీటిని ముందు చిన్న చక్రాలకు పరిమితం చేయడం సమంజసం.

విస్తరణ కార్యక్రమాలలో చోటు

యంత్ర శిక్షణలలో ఇంజను, బ్లేడు, ఆయిలు గురించి చెప్పినంతగా టైరు గురించి చెప్పడం అరుదు. గంటసేపు సాగే ప్రదర్శనలో సుద్ద గుర్తుతో ముల్లును వెతకడం, తక్కువ పీడన గేజీ వాడకం, గాలి నింపేటప్పుడు నిలబడే చోటు అనే మూడు అంశాలను చేయించి చూపవచ్చు. గరికపాడు కృషి విజ్ఞాన కేంద్రం వంటి జిల్లా స్థాయి కేంద్రాల శిక్షణలలో, యంత్ర అద్దె కేంద్రాల నిర్వాహకుల సమావేశాలలో దీనికి సులభంగా చోటు కల్పించవచ్చు. శిక్షణకు రైతులను, యంత్రం నడిపేవారిని మాత్రమే కాక సమీప పంక్చరు దుకాణదారులను కూడా పిలవడం అవసరం. రైతు ఎంత జాగ్రత్తగా ఉన్నా, గాలి గొట్టం చివరకు దుకాణంలో పనిచేసే యువకుడి చేతిలోనే ఉంటుంది. ప్రమాదం జరిగితే ముందుగా గాయపడేది అతడే.

అద్దె కేంద్రాలు ప్రతి యంత్రానికి ఒక చిన్న పుస్తకం నిర్వహించి, పంక్చరు పడిన తేదీ, చక్రం, కారణం, తోట దారి రాస్తే, ఒక్క సీజనులోనే ఏ కారణం ఎక్కువో తెలుస్తుంది. ముళ్ళే ప్రధానమైతే ద్రవ పూడిక, జంట చీలికలే ఎక్కువైతే గేజీ, మేకులే కారణమైతే అయస్కాంతం పరిష్కారం అవుతుంది. వ్యవసాయ ఇంజనీరింగు విద్యార్థులకు ఇది క్షేత్రస్థాయి అధ్యయనానికి తగిన అంశం.

ముగింపు

గడ్డి కోత యంత్రం టైరులో పంక్చరు చిన్న లోపమే. దానిని సరిచేసే విధానమే పని నాణ్యతను, మనిషి భద్రతను నిర్ణయిస్తుంది. ముల్లు చేతికి దొరికిన తరువాతే ప్యాచి వేయాలి. గేజీ చేతిలో ఉన్నప్పుడే గాలి నింపాలి. టైరుకు పక్కగా దూరం జరిగిన తరువాతే గాలి గొట్టం తెరవాలి. ఈ మూడు అలవాట్లకు అయ్యే ఖర్చు ఒక గేజీ, ఒక సుద్దముక్క, కొద్దిపాటి సమయం మాత్రమే. తిరువూరు ప్రాంత తోటలలో వానల మధ్య దొరికే పొడి రోజులు వృథా కాకుండా, యంత్రం దగ్గర పనిచేసే మనిషికి హాని కలగకుండా ఉండాలంటే, ఈ అలవాట్లను యంత్ర శిక్షణలో భాగం చేయడం విస్తరణ శాస్త్రవేత్తల తక్షణ కర్తవ్యం.